బరువునెత్తే బండి – నడిపేవాని శిక్షణ

రేవులలోను, గిడ్డంగులలోను, కర్మాగారాలలోను ముందువైపు రెండు ఉక్కు కొమ్ములు చాచి, టన్నులకొద్దీ సరుకును ఎత్తి దించే పొట్టి బండిని చాలమంది చూచియే ఉంటారు. దీనిని ఫోర్క్‌లిఫ్ట్ అంటారు. ఈ యంత్రం పుట్టి నూరేండ్లు దాటినది. కాని దీనిని నడిపే కార్మికునికి ఏమేమి నేర్పవలెనో అది పుట్టిన అమెరికాలోనే చట్టం స్పష్టంగా చెప్పడానికి 80 ఏండ్లకు పైగా పట్టినది. ఆ కథ వెనుక ఉన్న విజ్ఞానశాస్త్రం మన ఉన్నత పాఠశాలలలో చెప్పే పాఠమే.

1906లో అమెరికాలోని పెన్సిల్వేనియా రైల్వేవారు ఆల్టూనా పట్టణంలో సామానులు మోయడానికి బ్యాటరీ బండ్లను ఉపయోగించారు. 1917లో మిషిగన్ రాష్ట్రంలోని బుకానన్‌లో క్లార్క్ కంపెనీవారు తమ కర్మాగారం అవసరానికై 'ట్రక్‌ట్రాక్టర్' అనే బండిని తయారుచేసుకొన్నారు. చూడవచ్చినవారు తమకూ కావాలని అడుగగా దానిని అమ్మసాగారు. 1923లో యేల్ కంపెనీ బండికి నిలువు స్తంభం, దానిపై లేచే కొమ్ములు అమరినవి. రెండవ ప్రపంచ యుద్ధంలో సైన్యాలకు అపారమైన సరుకులు చేరవేయవలసి వచ్చినప్పుడు ఈ బండి, దానితోపాటు సరుకును పేర్చే చెక్క పాలెట్ లోకమంతటా వ్యాపించినవి.

ఈ బండి ఒక తులాదండం. ముందు చక్రాల ఇరుసు దానికి ఆధారం. ఇరుసుకు ముందు సరుకు, వెనుక బండి బరువు. ఒక బండి కొమ్ముల మొదలు ఇరుసుకు 40 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదనుకొందాం. సరుకు గరిమనాభి అక్కడినుండి 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు ఆ బండి 2,000 కిలోగ్రాములు ఎత్తగలదు. పొడవైన పెట్టె వలన గరిమనాభి 85 సెంటీమీటర్లకు జరిగితే? ఇరుసునుండి మొత్తం దూరం 100 నుండి 125 సెంటీమీటర్లకు పెరిగినది. కాబట్టి ఇప్పుడు ఎత్తదగినది 1,600 కిలోగ్రాములే. పెట్టెపై వ్రాసిన బరువును మాత్రమే చూచి ఎత్తినవాడు బండిని ముందుకు బోర్లా పడవేయవచ్చును.

ప్రక్కకు ఒరగడం ఇంకా ప్రమాదకరం. నాలుగు చక్రాలున్నప్పటికీ వెనుక ఇరుసు సాధారణంగా నడుమ ఒకే కీలుపై ఆడుతుంది. అందుచేత బండి ముక్కాలిపీట వలె మూడు బిందువులపై నిలుస్తుంది. గరిమనాభినుండి దించిన నిలువు గీత ఆ త్రిభుజం లోపల పడినంతసేపే బండి నిలకడగా ఉంటుంది. ఖాళీ బండి గరిమనాభి వెనుకకు, త్రిభుజం ఇరుకైనచోటికి జరుగుతుంది. కనుక 'ఖాళీయే గదా' అని వేగంగా మలుపు తిప్పరాదు. అదే మలుపులో వేగం రెట్టింపయితే ఒరగద్రోసే ప్రభావం నాలుగు రెట్లవుతుంది. పైగా ఇది వెనుక చక్రాలతో తిరిగే బండి. మోటారు కారు నడిపిన అలవాటు ఇక్కడ చాలదు.

అమెరికాలో 1970 డిసెంబరు 29న కార్మికుల భద్రతా చట్టం ఆమోదముద్ర పొందినది. శిక్షణ పొంది, అనుమతి గలవారే ఈ బండ్లను నడపవలెనని 1971 నాటి నియమాలు చెప్పినవి. కాని ఆ శిక్షణలో ఏమి ఉండవలెనో చెప్పలేదు. 1995లో మార్పులు ప్రతిపాదించి, 1998 డిసెంబరు 1న కొత్త నియమాన్ని ప్రకటించారు. దానివలన ఏటా 11 మరణాలు, 9,000కు పైగా గాయాలు తప్పుతాయని ఆనాటి అధికారుల అంచనా.

ఈ నియమం ప్రకారం శిక్షణకు మూడు అంగాలు: పాఠం, చేతితో అభ్యాసం, పనిచేసేచోట పరీక్ష. మూడేండ్లకొకసారి తిరిగి పరీక్షించాలి. ప్రమాదం జరిగినా, కొద్దిలో తప్పిపోయినా, బండి రకం మారినా మరల నేర్పాలి. సరుకును నేలకు దగ్గరగా ఉంచి నడపడం, నిటారైన వాలుపై సరుకు ఎప్పుడూ ఎగువవైపు ఉండేటట్లు చూడడం ఇందులో నేర్చుకొనే సంగతులు. బండి ఒరిగినప్పుడు దూకాలని ప్రాణం తొందరపడుతుంది. కాని దూకినవాడు దానిక్రిందనే నలిగిపోవచ్చును. సీటుబెల్టు కట్టుకొని, చక్రాన్ని గట్టిగా పట్టి, పడేవైపుకు ఎదురుగా వంగి కూర్చోవాలి. సహజ ప్రేరణకు విరుద్ధమైన ఈ పని ముందుగా నేర్పనిదే ఆ క్షణంలో తోచదు.

తులాదండ సూత్రాన్ని ఆర్కిమిడీస్ క్రీస్తు పూర్వం మూడవ శతాబ్దంలోనే నిరూపించాడు. పండితునికి తెలిసిన సూత్రం కార్మికుని చేతికి అందినప్పుడే అది ప్రాణాలు కాపాడుతుంది. ఉపాధ్యాయులు ఒక స్కేలును పెన్సిలుపై నిలిపి, నాణెములను అటూ ఇటూ జరిపి చూపితే చాలు. ఈ బండి రహస్యంలో సగం విద్యార్థులకు అప్పుడే బోధపడుతుంది.