నూబియా భాషకు ఏ లిపి?

అస్వాన్ హై డ్యామ్ కోసం 1960లలో నూబియా ఊళ్లు మునిగాయి. ఈజిప్టు వైపు జనాన్ని కోమ్ ఓంబోకు, సూడాన్ వైపు వాళ్లను ఖష్మ్ ఎల్ గిర్బాకు తరలించారు. అప్పటిదాకా నైలు ఒడ్డున ఇంటింటా వినిపించిన భాష, కొత్త కాలనీల్లోనూ కైరో వాడల్లోనూ పెరిగిన పిల్లల నోట అరబిక్‌కు చోటిచ్చింది. ఇక దాన్ని కాగితం మీద నిలబెట్టాలి. ఏ లిపిలో? అరబిక్, రోమన్, పాత నూబియన్ అక్షరాలు, మూడింటికీ వాదించేవారున్నారు. నా మటుకు పాత అక్షరాలే సరైనవి. భాష రానివాడు చదివినా మాట సరిగా పలకాలి. భాషను బతికించాలనుకునేవారు లిపికి పెట్టాల్సిన పరీక్ష ఇదే.

అరబిక్ లిపి పిల్లలకు బడిలోనే వస్తుంది, కొత్తగా నేర్పే పని లేదు. ఇది గట్టి వాదనే. కానీ ఆ లిపి రోజువారీ రాతలో హ్రస్వాచ్చులను వదిలేస్తుంది. ఎ-ఇ, ఒ-ఉ తేడాలకు దానిలో వేరే అక్షరాల్లేవు. మనం గుణింతాలు తీసేసి రాస్తే పడి, పిడి, పొడి మూడూ ఒకేలా కనబడతాయి. తెలుగు వచ్చినవాడు సందర్భాన్ని బట్టి పోల్చుకుంటాడు, రానివాడికి దారి లేదు. అదనపు గుర్తులు కల్పించవచ్చు, నిజమే. అయితే అరబిక్ రాసే చేతికి గుర్తులు వదిలేయడమే అలవాటు. అమ్మమ్మ మాట విననే వినని పిల్లకు ఆ పుస్తకం ఉపయోగపడదు.

పాత లిపి అచ్చులను రాస్తుంది. 8వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం దాకా వాడుకలో ఉన్న ఆ వర్ణమాల గ్రీకు, కాప్టిక్ అక్షరాలతో ఏర్పడింది. ఆ భాషలకు లేని ధ్వనుల కోసం, అంతకు ముందటి మెరోయి రాజ్యపు లిపి నుంచి మూడు అక్షరాలు తెచ్చుకున్నారని పండితులు చెబుతారు. తమ నోటికి తగ్గట్టు లిపిని మలుచుకోవడం ఆ జనం అప్పుడే చేసిన పని. ఈజిప్టు నూబియన్ పండితుడు ముఖ్తార్ ఖలీల్ కబ్బారా ఈ అక్షరాలనే నేటి భాషకు సర్ది నేర్పే ప్రయత్నం చేశారు. ఇది క్రైస్తవ కాలంనాటి చర్చి లిపి, ఇప్పటి నూబియన్లు ముస్లింలు కదా అనే అభ్యంతరం ఉంది. నూబియాలోని కస్ర్ ఇబ్రీమ్ కొండకోటలో దొరికిన పత్రాలు చూస్తే అది నిలవదు. ప్రార్థనలతో పాటు భూమి అమ్మకపు దస్తావేజులున్నాయి, వాటిలో సాక్షుల పేర్ల వరుసలున్నాయి, ఉత్తరాలున్నాయి. పొలం గట్టు తగాదాకు అక్కరకొచ్చిన లిపి ఒక్క మతం సొత్తు కాదు.

రోమన్ లిపి కూడా అచ్చులను బాగానే చూపిస్తుంది, ఫోన్లో సులువు. అయితే 2005లో కాప్టిక్‌తో పాటు ఈ అక్షరాలూ యూనికోడ్‌లో చేరాక ఆ సౌలభ్యం రోమన్‌కే పరిమితం కాలేదు. పైగా రోమన్‌లో నేర్చినవాడికి ఏడు వందల ఏళ్ల సొంత రాతలు పరాయివిగానే ఉండిపోతాయి. పాత లిపికీ లోపాలున్నాయి. నేటి నూబియన్ భాషల్లో ఒకటైన నోబీన్‌లో స్వరస్థాయి మారితే అర్థం మారుతుంది, మామూలు రాతలో అది కనిపించదు. పాత పత్రాల భాష నోబీన్‌కు దగ్గర. మిగతా నూబియన్ భాషలైన కెంజీ, డొంగోలావీ మాట్లాడేవారికి కొంత దూరం. వాళ్ల పలుకుబడికి తగిన రాత నియమాలు వేరుగా స్థిరపరచాల్సిందే, ఆ నిర్ణయం వాళ్ల చేతుల్లోనే ఉండాలి.