బళ్ళారి షావుకారి ఎనిమిది గదులు

మంట కాస్త ఎగదోయ్ అబ్బోడా, చెప్తా. వీధి చివర ఆ ఎనిమిది గదుల వరుస ఉందే, అది మొదట మనది కాదు. పత్తి యాపారం చేసే ఒక షావుకారిది. ఆయన ఆదోనికి పోయి, ఆన్నుంచి బళ్ళారి చేరి అక్కడే నిలిచిపోయినాడు. 1953లో ఆదోని, ఆలూరు ఆంధ్రలోకొచ్చి బళ్ళారి మైసూరు రాష్ట్రానికి పోయినా, ఈ పక్కోళ్లకు అది పరాయి ఊరు కాలేదులే.

మట్టిమిద్దె అంటే వానలకు ముందు చౌడు పోయాల. వచ్చే బాడుగ చౌడు బండ్లకే చాలదని ఆయన ఇడ్సిపెట్టినాడు. మిద్దెల మీద గడ్డి మొలిచింది, దంతెలకు చెద పట్టింది. వాన పడితే కారేచోటల్లా బోకులు పెట్టి, తల్లులు పిల్లోళ్లను ఒళ్లో పెట్టుకొని తెల్లార్లూ కూచునేవాళ్లు. చూస్తే కడుపు తరుక్కుపోయేది.

ఇంగ షావుకారినే కలవాలనుకున్నాం. ఆయన అడ్రసు యాడ దొరికిందంటావా? అందరి బాడుగా కూడేసి మనియార్డరు చేసే ముసలామె దగ్గర. డబ్బు ముట్టినట్టు తిరిగొచ్చే రసీదు ముక్కలన్నీ గూట్లో దాచిపెట్టింది. వాటి మీద షావుకారి సంతకం ఏటికేడు వంకరపోతా వచ్చింది. అది చూసి మా నాయన, "ఇంగ తడవు చేస్తే వారసులు తలా ఒక దిక్కు లాగుతారు, పదరా" అన్నాడు.

ఆలూరు మీద బస్సులో పోయినాం. పోతూనే బేరం ఎత్తొద్దని నాయన దారిలోనే చెప్పినాడు. "నీ ఇల్లు పాడైంది" అంటే ఎవరికైనా రోషమొస్తాది గదా. షావుకారి మొదట అడిగిందేందో తెలుసునా? "మన్రో బావిలో నీళ్లున్నాయా?" అని. మద్రాసు గవర్నరు మన్రో 1827 జులై 6న కలరాతో మన ఊర్లోనే పోయినాడు, ఆయన గుర్తుకు కట్టించిన దిగుడుబావి అది. ఊరి సంగతులన్నీ అయినాక నాయన మెల్లగా, "మిద్దెలు కారుతున్నాయి షావుకారీ. మీరన్నా బాగు చేయించండి, లేదంటే మాకియ్యండి" అన్నాడు. ఆయన చానాసేపు పలకలా. తర్వాత ఒకటే అడిగినాడు: బాడుగకుండేవాళ్లను ఎళ్లగొట్టొద్దని.

ఆస్తి పిత్రార్జితం. 1986లో రామారావు ప్రభుత్వం చట్టం మార్చి, పెండ్లికాని ఆడబిడ్డకు కొడుకుతో సమానంగా వాటా పెట్టింది. మన బేరం ఆ మరుసటేడే. కొడుకులు సంతకం చేస్తే చాలదా అన్నారు గానీ, పెండ్లికాని చిన్నకూతురు సంతకం లేంది అడ్వాన్సు కూడా ఇయ్యొద్దన్నాడు వకీలు. ఆ పిల్ల రిజిస్ట్రారాఫీసుకు వచ్చి, దస్తావేజు మొదటినుంచి కొసదాకా చదివినాకే పెన్ను పట్టింది. నాకు అది బాగా నచ్చింది. ఆడబిడ్డతో చదవనీకుండానే సంతకం పెట్టించే ఇండ్లు ఎన్ని చూడలేదు!

ఆ యేడు మిరుగు రాకముందే చెదలు తిన్న దంతెలు మార్పించి, చౌడు పోయించినాం. ఒక్కరినీ లేపలా. ముసలామె ఉన్నన్నాళ్లూ ఆమె బాడుగ పెంచలేదు.