రాబందు పగులగొట్టిన అద్దము

1952 నవంబరులో మెక్సికో దేశమున, దక్షిణాన తుస్ట్లా గుతియెర్రెస్ నుండి ఉత్తరపు సరిహద్దునగల సియుదాద్ హువారెస్ వరకు ‘కర్రేరా పానమెరికానా’ అను కారు పందెము జరిగినది. దూరము మూడు వేల కిలోమీటర్లకు పైమాటే. జర్మనీ దేశస్థుడు కార్ల్ క్లింగ్ మెర్సిడెస్-బెంజ్ 300 ఎస్.ఎల్. కారును నడుపుచుండగా, హాన్స్ క్లెంక్ ప్రక్కన కూర్చుండి దారి మలుపులు ముందుగా చెప్పుచుండెను. మొదటి దశలోనే, గంటకు సుమారు 200 కిలోమీటర్ల వేగమున, ఒక రాబందు ఎదుటి అద్దమును బద్దలుకొట్టి లోపల పడినది. క్లెంక్ గాయపడి కొంతసేపు స్పృహ కోల్పోయెను.

ఆ ప్రాంతపు నల్ల రాబందు బరువు సుమారు 2 కిలోగ్రాములే. అయినను ఇంత దెబ్బ ఎట్లు తగిలినది? గతిజశక్తి వేగముయొక్క వర్గమునుబట్టి పెరుగును. వేగము 50 నుండి 200 కిలోమీటర్లకు, అనగా నాలుగింతలు, పెరిగినచో శక్తి పదునారింతలగును. గాలి నిరోధమును విడిచి లెక్కించినచో, ఇది 2 కిలోల వస్తువు దాదాపు 157 మీటర్ల ఎత్తునుండి పడుటతో సమానము!

దశ ముగిసిన వహాకా నగరమున పనివారు క్రొత్త అద్దము బిగించిరి. అంతటితో ఆగిన, మరియొక పక్షికి అదియును పగులును. కనుక అద్దము ముందు ఎనిమిది ఉక్కు కడ్డీలను నిలువుగా అమర్చిరి. పక్షి మరల తగిలినచో దెబ్బ ముందుగా కడ్డీలమీద పడి, వాటిద్వారా కారు లోహభాగములకు పోవును. సన్నని కడ్డీలు కన్నులకు దగ్గరగాను, రోడ్డు దూరముగాను ఉండుటచే చూపునకు పెద్ద ఆటంకముండదు. కారు అందము చెడినమాట నిజమే. పందెములో దానితో పనియేమి?

క్లెంక్ గాయములతోనే మరల ప్రక్కన కూర్చుండెను. 18 గంటల 51 నిమిషములలో ఆ కడ్డీల కారే ప్రథమస్థానమున గమ్యము చేరినది.