పల్నాటి చారిత్రక స్మృతిలో స్త్రీ అధికారం: లింగ వివక్ష – సామాజిక పర్యవసానాలు

వ్యాససంగ్రహం:
లింగ వివక్షను సాధారణంగా అక్షరాస్యత, వేతనం, ఆస్తి అనే కొలమానాలతో లెక్కిస్తారు. అధికారం చేపట్టిన స్త్రీని ఒక ప్రాంతం ఎట్లా గుర్తుంచుకున్నదన్నది కూడా ఆ వివక్షకు ఒక కొలమానమే. విజయపురి ఇక్ష్వాకుల శాసనాలను, పల్నాటి వీరచరిత్రను ఆధారంగా చేసుకొని, పల్నాటి సీమలో స్త్రీకి ఆస్తితోను, అధికారంతోను ఉన్న సంబంధాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పల్నాడు, విజయపురి, చాంతిసిరి, నాయకురాలు నాగమ్మ, అరణం, వారసత్వం.

1. ఉపోద్ఘాతం

నేటి పల్నాడు జిల్లాలో మాచర్ల, గురజాల, కారంపూడి, వెల్దుర్తి ప్రాంతాలు ఒకే చారిత్రక స్మృతిని పంచుకుంటున్నాయి. ఇక్కడ తరతరాలుగా నిలిచిన కథ పల్నాటి యుద్ధం. ఆ యుద్ధానికి కారకురాలిగా జనం నాలుకపై నిలిచిన పేరు నాయకురాలు నాగమ్మ. ఇదే సీమలో, మాచర్లకు చేరువలోని నాగార్జునకొండ లోయలో, అంతకు దాదాపు తొమ్మిది వందల ఏండ్ల క్రితమే స్త్రీలు తమ పేర్లతో దానశాసనాలు వేయించారు. ఒకచోట స్త్రీ దాత, మరొకచోట స్త్రీ దోషి. ఈ రెండు చిత్రాలను పక్కపక్కన ఉంచి చూసినప్పుడు వివక్ష పనిచేసే తీరు స్పష్టమవుతుంది.

2. శాసనాలలో స్త్రీ

నాగార్జునకొండ అవశేషాలు 1926లో వెలుగులోకి వచ్చాయి. అక్కడి శాసనాలు క్రీ.శ. 3, 4 శతాబ్దాల ఇక్ష్వాకుల కాలానికి చెందినవి. రాజు వాసిఠీపుత చాంతమూలుడు అశ్వమేధం వంటి వైదిక క్రతువులు చేయగా, అతని సోదరి చాంతిసిరి బౌద్ధాన్ని పోషించింది. వీరపురుషదత్తుని 6వ రాజ్య సంవత్సరంలో మహాచైత్య నిర్మాణం పూర్తికావడంలో ఆమెదే ప్రధాన పాత్ర. రాజకుటుంబానికి చెందని ఉపాసిక బోధిసిరి సైతం సింహళ ఆచార్యుల కోసం చైత్యగృహాన్ని కట్టించింది.

ఈ దానాలను బట్టి ఆనాటి స్త్రీల చేతిలో వ్యయం చేయగల ధనం ఉండేదని చెప్పవచ్చు. అయితే వీటి ఆధారంగా ఆ కాలాన్ని సమానత్వ యుగంగా భావించలేము. చాంతిసిరి తనను రాజు సోదరిగా, మహాతలవరుని భార్యగా పరిచయం చేసుకుంటుంది. బోధిసిరి తన పుట్టింటి, మెట్టినింటి బంధువులను వరుసగా పేర్కొంటుంది. వాసిఠీపుత, మాఠరీపుత అనే రాజనామాలు తల్లి గోత్రాన్ని గుర్తుచేస్తాయి కానీ సింహాసనం పురుషునికే దక్కింది. దానం చేసే స్వేచ్ఛ ఉంది, పాలించే అవకాశం లేదు. ఆ హద్దు దాటలేదు కనుకనే శాసనం ఆమెను గౌరవించిందని భావించవచ్చు.

3. అరణంగా వచ్చిన రాజ్యం

శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం 1911లో ప్రకటించారు. సంప్రదాయ కథనం ప్రకారం హైహయ వంశీయుడైన అనుగురాజు వెలనాటి చోళుల ఆడపడుచు మైలమాదేవిని పెండ్లాడాడు. పల్నాడు అతనికి అరణంగా లభించింది. అంటే ఈ రాజ్యానికి మూలం ఒక స్త్రీ పెండ్లి. కానీ కథలో మైలమకు పాలనాధికారం లేదు. ఆమె కుమారుడు నలగామరాజు గురజాల ఏలిక అయ్యాడు. సవతి కుమారుడు మలిదేవరాజుకు మాచర్ల దక్కింది.

యుద్ధానికి మూలమైన వైరుధ్యం ఇక్కడే ఉంది. తల్లి వెంట వచ్చిన భూమిపై ఆమె సవతి కుమారులకు హక్కు ఎంత? కథ ఈ ప్రశ్నను సూటిగా వేయదు. స్త్రీ ద్వారా సంక్రమించిన ఆస్తిలో ఆ స్త్రీకే మాట లేనప్పుడు, దాని పంపకం పురుషుల పౌరుష సమస్యగా మారింది.

4. నాగమ్మకు ఒక కొలత, బ్రహ్మనాయుడికి ఒక కొలత

జానపద కథనాలు నాగమ్మను చిన్ననాటనే భర్తను కోల్పోయిన స్త్రీగా, స్వీయ ప్రతిభతో మంత్రి పదవిని అందుకున్న వ్యక్తిగా చెబుతాయి. ఆమె నలగామునికి మంత్రి, బ్రహ్మనాయుడు మలిదేవుని పక్షాన నిలిచిన మంత్రి. ఇద్దరూ తమ ప్రభువు ప్రయోజనం కోసమే ఎత్తులు వేశారు. కోడిపోరుకు పందెం ఒడ్డినది ఇరుపక్షాలూ. ఓడినవారు ఏడేండ్లు రాజ్యం విడవాలన్న షరతుకు ఇరువురూ అంగీకరించారు. అయినా కథ తీర్పు వేరు. బ్రహ్మనాయుడు విష్ణ్వంశ సంభూతుడయ్యాడు, చాపకూడు పెట్టిన సంస్కర్తగా నిలిచాడు. నాగమ్మ మాత్రం కుటిలనీతికి మారుపేరైంది. పురుషునిలో రాజనీతిగా కనిపించినది స్త్రీలో కుతంత్రంగా కనిపించింది.

బ్రహ్మనాయుని సంస్కరణల విలువను తగ్గించడం ఇక్కడ ఉద్దేశం కాదు. కులభేదాన్ని ప్రశ్నించిన కథే లింగభేదాన్ని ప్రశ్నించకుండా వదిలివేసిందన్నది గమనించవలసిన విషయం. ఇదే కథలోని ఇతర స్త్రీల చిత్రణ దీనిని బలపరుస్తుంది. బాలచంద్రుని యుద్ధానికి సాగనంపిన మాంచాల, అలరాజు మరణానంతరం సహగమనం చేసిన పేరిదేవి కీర్తింపబడ్డారు. త్యాగం చేసిన స్త్రీకి ప్రశంస, నిర్ణయం తీసుకున్న స్త్రీకి నింద. 1947లోను, 1966లోను వచ్చిన 'పల్నాటి యుద్ధం' చలనచిత్రాలలో కన్నాంబ, భానుమతి నాగమ్మ పాత్రను శక్తిమంతంగా పోషించారు. ఆ పాత్ర కథలో ఎంత కేంద్రస్థానంలో ఉన్నదో దీనినిబట్టి తెలుస్తుంది.

5. సామాజిక పర్యవసానాలు

మొదటి పర్యవసానం చరిత్ర రచనకు సంబంధించినది. సాధారణంగా 1182 ప్రాంతానికి చెందినదిగా భావించే ఈ యుద్ధం వెనుక వారసత్వ కలహం, మత వైరుధ్యాలు, వెలనాటి చోళుల క్షీణత, కాకతీయుల విస్తరణ ఉన్నాయి. కారణాన్ని ఒక స్త్రీ స్వభావానికి కుదించినప్పుడు ఇవన్నీ మరుగున పడతాయి. సమాజం తన తప్పును తెలుసుకొనే అవకాశాన్ని కోల్పోతుంది.

రెండవది ఆస్తికి సంబంధించినది. ఆంధ్రప్రదేశ్ చేసిన హిందూ వారసత్వ చట్ట సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి అవివాహితలైన కుమార్తెలకు పూర్వీకుల ఆస్తిలో సమాన హక్కు కల్పించింది. 2005లో దేశవ్యాప్త సవరణ వివాహితలకూ ఆ హక్కునిచ్చింది. అయినప్పటికీ 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాలలో స్త్రీల చేతిలో ఉన్నవి సుమారు 14 శాతమే. పెండ్లినాటి కట్నంతోనే ఆడపిల్ల వాటా తీరిపోయిందనే భావనకు, అరణంతో మైలమ ప్రసక్తి ముగిసిపోవడానికి పోలిక ఉంది. పొలంలో పనిచేసే స్త్రీకి పట్టా లేకపోతే బ్యాంకు రుణం, పంట నష్టపరిహారం అందడం కష్టం. ఆ నష్టం ఆమె ఒక్కతెది కాదు, కుటుంబానిది, సాగుది కూడా.

మూడవది విద్య, రాజకీయాలకు సంబంధించినది. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పురుష అక్షరాస్యత 74.88 శాతం, స్త్రీ అక్షరాస్యత 59.15 శాతం. 73వ రాజ్యాంగ సవరణ స్త్రీలకు పంచాయతీ పదవులను ఇచ్చింది. పదవి ఆమెది, పెత్తనం భర్తది అన్న విమర్శ మాత్రం నేటికీ వినిపిస్తూనే ఉంది. సొంతంగా నిర్ణయించే స్త్రీని అనుమానంగా చూసే దృష్టి ఆ పెత్తనానికి ఊతమిస్తుంది.

6. ముగింపు

కారంపూడిలో ఏటా కార్తిక మాసంలో ప్రారంభమయ్యే వీరారాధనోత్సవాలలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అనే ఘట్టాలు ఈ కథను సజీవంగా నిలుపుతున్నాయి. ఇంతటి బలమైన మౌఖిక సంప్రదాయం ఉన్నచోట పరిశోధకుల బాధ్యత రెండింతలు. వీరవిద్యావంతుల గానంలోని నాగమ్మను, ముద్రిత ప్రతులలోని నాగమ్మను, వెల్దుర్తి వంటి పల్నాటి గ్రామాలలో స్త్రీలు చెప్పుకొనే నాగమ్మను వేరువేరుగా సేకరించి పోల్చవలసి ఉంది. ఆమెను నిర్దోషిగా నిరూపించవలసిన అవసరం లేదు. బ్రహ్మనాయుడిని తూచిన త్రాసులోనే ఆమెను కూడా తూచాలి. కథ ఆమెకు 'నాయకురాలు' అన్న బిరుదును ఎన్నడో ఇచ్చింది. ఆ మాటకు తగిన అర్థాన్ని చరిత్ర రచన ఇంకా ఇవ్వవలసి ఉంది.