తీరమున ఆనవాళ్ళు



1839వ సంవత్సరము ఆగస్టు 19వ తేదీని పారిస్ నగరమున పండితులు సభ తీర్చి, డాగెర్ అను చిత్రకారుడు సాధించిన ఛాయాచిత్రణ విధానమును లోకమునకు వెల్లడించిరి. వెండిపూత గల రాగిరేకుపై వెలుతురు తనంతట తానే బొమ్మను వ్రాయునని విని జనులు విస్మయము నొందిరి. ఆ సంవత్సరముననే నవంబరు 25వ తేదీని మన గోదావరి ముఖమున నున్న కోరంగి రేవును ఉప్పెన ముంచివేసినది. ఈ రెండు సంగతులకు పరస్పర సంబంధ మేమియు లేదు. అయినను కెమెరాను భుజమునకు తగిలించుకొని తీరము వెంబడి తిరుగు అలవాటు గల నాకు ఆ రెండును ఎప్పుడును జంటగనే జ్ఞప్తికి వచ్చుచుండును.

కోరంగి ఆనాడు సామాన్యమైన రేవు కాదు. ఓడలను కట్టుటకును, బాగుచేయుటకును పేరు పొందిన చోటు. ఆ పేరు సముద్రము దాటి ఎంతదూరము పోయినదనగా, బర్మా దేశమున మనవారిని 'కోరంగీలు' అని పిలుచుట చిరకాలము వాడుకలో నుండెను. 1789లోనే ఒక ఉప్పెన ఆ యూరిని చెరచినది. 1839 నాటిది తుదముట్టించినది. చనిపోయిన వారి లెక్కలు గ్రంథములలో ఒకదానితో నొకటి పొసగవు. మూడు లక్షలని వ్రాసినవారును కలరు. లెక్క ఏదైనను రేవు మరల తేరుకొనలేదు. ఇప్పుడచ్చట ఒక గ్రామమును, మడ అడవులును, వానిని చూడవచ్చు యాత్రికులును ఉన్నారు. ఆ రేవు నిండు వైభవముతో నున్న నాటి ఛాయాచిత్రము ఒక్కటియు ఉండుటకు వీలులేదు. ఏలయన ఆ యంత్రము అప్పటికి మన తీరమునకు రానేలేదు.

వచ్చిన తరువాతనైనను అది సముద్రమునకు వెంటనే పనికి రాలేదు. ఇందుకు కారణము తెలిసినగాని పాత చిత్రములను చూచుట మనకు రాదు గనుక రెండు మాటలు చెప్పెదను. 1838లో డాగెర్ తన మేడపైనుండి పారిస్ వీథి నొకదానిని చిత్రించెను. పగటివేళ, బండ్లతోను మనుష్యులతోను నిండిన వీథి అది. రేకుపై బొమ్మ పడుటకు కొన్ని నిమిషములు పట్టుటచే కదలినవా రెవ్వరును అందులో లేరు. మూలను బూటు తుడిపించుకొనుచు కాలు కదపక నిలిచిన ఒక మనుష్యుడు మాత్రము మిగిలినాడు. వీథి మనుష్యులకే ఆ గతి పట్టినప్పుడు క్షణమైనను నిలువని కెరటము మాట చెప్పవలెనా? పైగా ఆకాశము మిక్కిలి తెలుపు, నీరు నలుపు. ఒక్క పలకపై రెండును సరిగా కుదురవు. 1856, 57 సంవత్సరములలో లెగ్రే అను ఫ్రెంచివాడు ఆకాశము నొక పలకపైనను, సముద్రము నొక పలకపైనను వేర్వేరుగా పట్టి, రెండింటిని ఒకే కాగితముపై అచ్చొత్తి, కెరటముల బొమ్మలను సాధించెను. ఆ కాలపు పలకలను తడిగా నుండగనే వాడి, తడి యారకముందే కడుగవలెను. మన యెండలలో అదెంత కష్టమో యోచింపుడు! తరువాత పొడిపలకలు వచ్చినవి. 1888లో ఈస్ట్‌మన్ అను అమెరికావాడు కొడాక్ అను చిన్న పెట్టె కెమెరాను అమ్మకమునకు పెట్టెను. బ్రతుకుతెరువునకు గాక వేడుకకు బొమ్మలు తీయు నావంటివారు అంతట పుట్టిరి.

నాకు మొదట దొరికినది ఆగ్ఫా క్లిక్ అను కెమెరా. మన దేశముననే తయారైనది. ఒక రీలునకు 12 బొమ్మలు మాత్రమే పడును. బడిపంతులు జీతముపై బ్రతుకువాడు ఆ పన్నెండింటిని ఎంత పొదుపుగా వాడవలెనో వేరుగ చెప్పనక్కరలేదు. నేటి పిల్లలు చేతిలోని ఫోనుతో ఒక్క గడియలో వంద బొమ్మలు తీయుదురు. వానిలో ఎన్ని మరునాటికి ఉండునో వారికే తెలియదు.

సెలవుదినములలో నేను మొదట పోయినది ప్రసిద్ధ స్థలములకు కాదు, జాలరుల పల్లెలకే. తెప్పను నీటిలోనికి త్రోయుట చూచినవారు మీలో చాలమంది ఉందురు. నాలుగైదు దుంగలను తాళ్ళతో కట్టిన తెప్పను పట్టుకొని వారు మోకాటిలోతు నీటిలో నిలిచి ఊరకే చూచుచుందురు. తెలియనివానికి అది సోమరితనమువలె తోచును. పెద్ద కెరటములు వరుసగా కొన్ని వచ్చిన పిదప కొంత విరామము దొరకును. ఆ విరామము కొరకే ఆ చూపు. అది రాగానే ఒక్క కేకతో తెప్ప లోపలికి పోవును. బొమ్మ తీయదలచినవాడు కెరటమును గాక ముందు నిలిచిన ముసలివాని ముఖమును కనిపెట్టుకొని యుండవలెను. కేక వెలువడుటకు ముందే అతని మెడనరములు బిగియును. అదియే మీట నొక్కవలసిన క్షణము.

మసూలా పడవలని ఇంగ్లీషు గ్రంథములలో కనబడునవి కూడ ఈ కెరటముల కొరకు పుట్టినవే. వానిలో మేకులు లేవు. పలకలను కొబ్బరిపీచు త్రాటితో కుట్టుదురు. కెరటము కొట్టినప్పుడు మేకులు దిగిన పడవ పగులును, కుట్టిన పడవ వంగి లేచును. రేవుకట్టడములు లేని కాలమున మద్రాసులో దొరలను, మూటలను ఓడనుండి ఒడ్డునకు చేర్చినవి ఈ పడవలే. ఇప్పుడు ఫైబరు పడవలును మోటారులును వచ్చి, కుట్టు పడవ అరుదైపోయినది. ఆ కుట్టు ఎట్లు వేయుదురో దగ్గరనుండి తీసిన నాలుగు బొమ్మలు నాయొద్ద నున్నవి. నేను తీసిన సూర్యోదయము లన్నింటికంటె వానికే నేను విలువ కట్టుదును.

ఆనవాలు అను మాటను నేను ఆ జాలరులవద్దనే సరిగా నేర్చుకొంటిని. నడిసముద్రమున చేపలు దొరకుచోటును వారెట్లు గుర్తుపట్టుదురు? ఒడ్డుననున్న గుడిగోపురమును, దాని వెనుక కొండకొనయు ఒకే సూటిలోనికి రాగా అది యొక గీత. తాడితోపును, దీపస్తంభమును కలిసిన అది మరియొక గీత. ఆ రెండు గీతలు ఖండించుకొన్నచోట వల వేయుదురు. నగరవాసి చూచి ఆనందించు కట్టడము వారికి లెక్క. గోపురము కూలినను, తోపు కొట్టివేసినను నీటిలోని పొలమునకు గట్టు చెరిగినట్లే.

పెద్ద ఆనవాళ్ళను గూర్చి చెప్పవలెనన్న విశాఖపట్టణమే ముందు రావలెను. అచ్చటి కొండముక్కు సముద్రములోనికి చొచ్చుకొని వచ్చి నావికులకు దూరమునుండియే కనబడును. దాని చాటున రేవు కట్టి 1933లో తెరచిరి. పక్కనే 1941 జూన్ 21వ తేదీని సింధియా కంపెనీవారి ఓడల కర్మాగారమునకు బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిరి. ఏడాది తిరుగకముందే, 1942 ఏప్రిల్ 6వ తేదీని జపానువారి విమానములు పట్టణముపై బాంబులు వేసినవి. పని ఆగి, సాగి, తుదకు 1948 మార్చి 14వ తేదీని 'జల ఉష' అను ఎనిమిదివేల టన్నుల ఓడను జవహర్లాల్ నెహ్రూగారు నీటిలోనికి విడిచిరి. స్వతంత్రమైన దేశమునకు అప్పటికి ఏడు నెలలు.

ఓడ జలప్రవేశము చిత్రమైన పని. వాలుగానున్న వేదికపై ఓడను కట్టి, క్రింద జారుదూలములకు కొవ్వు పూయుదురు. అడ్డుగడియలు తీసినంతనే అంత బరువును తనంతట తానే, వెనుకభాగము ముందుగా, నీటిలోనికి జారును. కొన్నియేండ్ల శ్రమ కొన్ని క్షణములలో కన్నులముందు కదలిపోవును. తెప్పనైన రేపు మరల చూడవచ్చును; ఓడకు ఈ ప్రవేశ మొక్కసారియే. ఆ కర్మాగారమే తరువాత హిందుస్థాన్ షిప్‌యార్డు అయినది.

ఈ రేవు నిర్మాణమునకు ఒక ఫలితము కలదు. మన తీరమున ఇసుక నిలుచునది కాదు; సంవత్సరములో హెచ్చుకాలము దక్షిణమునుండి ఉత్తరమునకు నడచుచుండును. రేవుకు అడ్డుగోడలు కట్టగా ఆ ఇసుక వానికడ నిలిచిపోయి, ఉత్తరముననున్న పట్టణపు తీరమునకు చేరదు. అందుచే రేవువారు త్రవ్విన ఇసుకను అటు పంపవలసి వచ్చుచున్నది. నేను రామకృష్ణా బీచిలో ఒకే మెట్టుపై నిలిచి, కెమెరాను ఒకే వైపు త్రిప్పి, పోయినప్పుడెల్ల ఒక బొమ్మ తీయుచుంటిని. వరుసగా పేర్చి చూచిన ఇసుక ఊపిరి పీల్చి విడిచినట్లు కనబడును. 2002కు పూర్వపు బొమ్మలలో ఖాళీగానున్న చోట తరువాతివానిలో కుర్‌సురా జలాంతర్గామి నిలిచియున్నది. 1969నుండి 2001వరకు నౌకాదళమున కొలువుచేసి ఒడ్డెక్కిన ముసలియోధుడది. 2014 అక్టోబరు 12వ తేదీని వచ్చిన హుద్‌హుద్ తుపానునకు పిదప తీసిన బొమ్మలో చెట్ల తలలు లేవు.

మరియొక ప్రవేశమును చూచుటకు దక్షిణమున సూళ్ళూరుపేటకు పోవలెను. పులికాట్ సరస్సునకు ఆవల శ్రీహరికోట దీవి. రాకెట్ల కేంద్రము రాకమునుపు అది యానాదుల నివాసము. వారు అడవిని, ఉప్పునీటిని నమ్ముకొని యుండిరి, కేంద్రము కొరకు ఆ చోటు విడువవలసివచ్చినది. తూర్పున సముద్రమే గనుక రాకెటు విఫలమైనను ఊళ్ళపై పడదని ఆ దీవిని ఎన్నుకొనిరి. 1979 ఆగస్టు 10వ తేదీని ఎగిరిన మన తొలి ఉపగ్రహవాహకము సముద్రమున పడినది. మరుసటి సంవత్సరము జూలై 18వ తేదీని పంపినది రోహిణిని కక్ష్యలో నిలిపినది. 2023 జూలై 14వ తేదీని మధ్యాహ్నము 2 గంటల 35 నిమిషములకు చంద్రయానము మూడవది బయలుదేరినప్పుడు నేను సరస్సు గట్టున నుంటిని. మొదట నిప్పు కనబడును, ధ్వని వినబడదు. శబ్దము కిలోమీటరునకు మూడు సెకనులు తీసికొనును గదా. మెరుపు చూచి ఉరుము కొరకు లెక్కపెట్టినట్లు లెక్కపెట్టుచుంటిమి. ధ్వని వచ్చువేళకు రాకెటు మబ్బులలో నున్నది. అందరి కెమెరాలును ఆకాశమునే చూచినవి. నేను ఒక బొమ్మను వెనుకకు తిరిగి తీసితిని: తలపాగాను ఒక చేత పట్టుకొని నోరు తెరచి చూచుచున్న గొఱ్ఱెలకాపరి, అతని వెనుక ఏమియు పట్టనట్లు మేయుచున్న గొఱ్ఱెలు.

ఉప్పాడ సంగతి చెప్పి ముగింతును. కాకినాడకు ఉత్తరముననున్న ఆ తీరమును సముద్రము ఏండ్లతరబడి కోయుచున్నది. నదులపై ఆనకట్టలవలన ఒండ్రుమట్టి తగ్గుటయు, గోదావరి ముఖమున ఇసుకదిబ్బ పెరిగి అలల దారి మారుటయు కారణములని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. రోడ్డు ఎన్నిసార్లు వేసినను తెగిపోవుచునే యున్నది. నేను పూర్వమెప్పుడో అచ్చట పడవల బొమ్మ యొకటి తీసితిని. చాలయేండ్లకు మరల పోయినప్పుడు ఆ బొమ్మను కొందరికి చూపుచుండగా ఒక ముదుసలి దానిని చేతికి తీసికొని, పడవలను విడిచి, అంచున చిన్నగా పడిన పెంకుటిండ్ల వరుసపై వ్రేలు పెట్టినది.

"మాస్టారూ, ఇది మా వీధండి. ఈ మూడోది మా ఇల్లు. మా ఆయన బతికుండగా కప్పించాడు."

ఆ వీథి నీటిలో పోయి అప్పటికి చాలకాలమైనది. చుట్టును జనము గుమిగూడిరి. ఎవరి యిల్లు ఏదో చెప్పుకొనిరి. రెండిండ్ల విషయమున తగవు కూడ వచ్చినది. నేను పెన్సిలు తీసి బొమ్మ వెనుక తేదీయు, ఊరిపేరును, ఎడమనుండి కుడికి ఒక్కొక్క ఇంటివారి పేరును వారు చెప్పినట్లు వ్రాసితిని. తగవు తీరని చోట రెండు పేర్లును వ్రాసితిని. ఆ బొమ్మను ఆమెకే ఇచ్చి, ఫిలిము నుండి మరియొక ప్రతి నాకొరకు తీయించుకొంటిని.

మీ యిండ్లలో గోడలపైనను పెట్టెలలోను పాత ఫోటోలు ఉండును. వానిలోనివారిని గుర్తుపట్టగలవారు ఇంక ఊరికి ఇద్దరో ముగ్గురో మిగిలియుందురు. వానిని ఈ చలికాలములోనే క్రిందికి దింపి, ఆ పెద్దల ప్రక్కన కూర్చుండి, వెనుక పేర్లు వ్రాయించుడు. సిరా కాగితములో దిగి ముందువైపు మచ్చ చేయును, పెన్సిలు మేలు.