ఒంటరి రచన, నలుగురి మాట: గురజాడ అనుభవం

నలుగురూ ఏమంటారో అన్న బెరుకు లేకుండా కలం పట్టిన రచయిత అరుదు. ఆ బెరుకును మనం సాధారణంగా వ్యక్తి స్వభావానికి అంటగడతాం. పిరికివాడనో, మొహమాటస్థుడనో అనేసి ఊరుకుంటాం. కాని ఆ ‘నలుగురూ’ ఎవరు, వాళ్ల చేతుల్లో ఉన్న అధికారం ఏమిటి అని అడిగితే విషయం మనస్తత్వాన్ని దాటి సాంఘిక చరిత్రలోకి వస్తుంది. గురజాడ అప్పారావు రచనా జీవితాన్ని ఈ ప్రశ్నతో చదవడం అవసరం.

గురజాడ విజయనగరంలో ఉద్యోగి. ముందు మహారాజా కళాశాలలో అధ్యాపకత్వం, తర్వాత సంస్థానం కొలువు. బతుకుతెరువు ఆనంద గజపతి ఆదరణ మీద ఆధారపడి ఉంది. చుట్టూ ఉన్నది సంస్కృత పాండిత్యానికి పేరుపడ్డ ఊరు. 1883లో ఆయన ఇంగ్లీషులో రాసిన ‘సారంగధర’ అచ్చయింది. కలకత్తాలో ‘రీస్ అండ్ రయ్యత్’ పత్రిక నడిపిన శంభుచంద్ర ముఖర్జీ దాన్ని మెచ్చుకున్నాడు. మెచ్చుకుంటూనే మాతృభాషలో రాయమని చెప్పాడు. ఇతరుల అభిప్రాయం అనగానే దాన్ని సంకెలగానే చూడడం మనకు అలవాటు. ఇక్కడ ఒక అభిప్రాయమే దారి మళ్లించింది.

1892లో ‘కన్యాశుల్కం’ విజయనగరంలో రంగస్థలం ఎక్కింది. పుస్తకంగా వచ్చింది 1897లో. తెలుగు నాటకానికి పనికిరాదన్న దురభిప్రాయం అప్పట్లో బలంగా ఉండేది. దాన్ని ఎదుర్కోవడం కూడా తన ఉద్దేశమని గురజాడ పీఠికలో రాశాడు. ఆ పీఠిక ఇంగ్లీషులో ఉంది. నాటకం వాడుక మాటల్లో, దాని సమర్థన ఇంగ్లీషులో! తన డైరీలు కూడా ఎక్కువ భాగం ఇంగ్లీషులోనే రాసుకున్నాడు. అవసరాల సూర్యారావు తెలుగు చేసి ప్రచురించాకే అవి మన పాఠకులకు అందాయి. దీన్ని వలస చదువు తెచ్చిన జాడ్యమని కొట్టివేస్తే సగం నిజమే చెప్పినట్టు. తెలుగు వచనానికి అప్పట్లో న్యాయం చెప్పే పీఠం మీద కూర్చున్నది గ్రాంథిక పండితుడు. గురజాడ తన వాదాన్ని ఆ పీఠం ముందు కాక మరో పాఠకుడి ముందు పెట్టాడు. ప్రేక్షకుడు మాత్రం ఏ పీఠాన్నీ అడక్కుండానే నాటకాన్ని ఆదరించాడు.

ఆనంద గజపతి 1897లోనే చనిపోయాడు. తర్వాత గురజాడ రీవా మహారాణి దగ్గర కార్యదర్శిగా పనిచేశాడు. సంస్థానం దావా కాగితాలు ఆయన కాలాన్ని ఏళ్లకేళ్లు తినేశాయి. పైన అనారోగ్యం ఒకటి. అలాంటి రోజుల్లోనే ఆయన కన్యాశుల్కాన్ని తిరగరాశాడు. 1909లో వచ్చిన రెండో కూర్పును మొదటిదానికి దిద్దుబాటు అనడం చిన్నమాట. 5 అంకాల నాటకం 7 అంకాలయింది. మధురవాణి కొత్తగా పుట్టిందనే చెప్పాలి.

అసలు ధైర్యం నాకు ఇక్కడ కనిపిస్తుంది. బాల్యవివాహాలను, కన్యాశుల్కాన్ని ఖండిస్తే ఛాందసులకు కోపం వస్తుంది. ఆ కోపం ముందే తెలిసినది, సంస్కర్త దాన్ని పతకంలా ధరించవచ్చు. మధురవాణి సంగతి వేరు. సంస్కరణోద్యమం నాచ్ పార్టీలను బహిష్కరిస్తున్న కాలమది. సంస్కర్తల్లో పెద్దమనిషి వేశ్య ముఖం చూడనని వ్రతం పట్టిన రోజులు. అలాంటి రోజుల్లో నాటకంలోని అందరికన్నా తెలివీ, న్యాయబుద్ధీ ఉన్న మనిషిగా గురజాడ ఒక వేశ్యను నిలబెట్టాడు. మంచివాడే అయిన సౌజన్యారావు పంతులును చివరి రంగంలో ఆమె ఎదుట కూర్చోబెట్టాడు. ఆ వకీలు వ్రతం ఎంత ఇరుకైనదో ఆమె నోటనే తేల్చాడు. శత్రువు ఏమంటాడో అని భయపడని వాడు కూడా, తనవాళ్లు ఏమంటారో అని వాక్యం కొట్టేసుకుంటాడు. గురజాడ ఆ వాక్యాన్ని కొట్టేయలేదు సరికదా, నాటకాన్నే దాని మీద నిలిపాడు.

1910 నుంచి ముత్యాల సరాలు, ‘దిద్దుబాటు’ వరసగా వచ్చాయి. అప్పటికి ఆయన ఒక్కడే కాడు. పర్లాకిమిడిలో చిన్ననాటి సహాధ్యాయి గిడుగు రామమూర్తి ఉన్నాడు. విశాఖపట్నంలో పి.టి. శ్రీనివాస అయ్యంగార్, పాఠశాలల తనిఖీ అధికారి జె.ఎ. యేట్స్ ఉన్నారు. నలుగురన్నమాట నిజంగానే నలుగురే! ఈ కొద్దిమంది ఆయనకు కొత్త న్యాయస్థానం అయ్యారు. వీళ్లు పొగిడారని కాదు, వాదించడానికి ఒక భూమిక దొరికింది. మద్రాసు విశ్వవిద్యాలయం కూర్పు ఉపసంఘంలో మెజారిటీ గ్రాంథికం వైపు నిలిచినప్పుడు, 1914లో ఆయన రాసిన అసమ్మతి పత్రంలో ఒంటరివాడి మూలుగు వినిపించదు. శాసనాల నుంచి, వ్యాకరణాల నుంచి, జనం వాడుక నుంచి సాక్ష్యాలు పేర్చుకుంటూ పోయిన మనిషి గొంతు వినిపిస్తుంది. మరుసటి ఏడు నవంబరులో ఆయన చనిపోయాడు. ‘కొండుభట్టీయం’, ‘బిల్హణీయం’ అసంపూర్తిగా ఉండిపోయాయి.

1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడినప్పటి నుంచి తెలుగు రచయితకు గురజాడకు లేని వసతి ఒకటి సమకూరింది. రాసింది చదివి వినిపించడానికి ఒక సభ, అచ్చువేయడానికి ఒక పత్రిక దొరికాయి. దానితోపాటే మరో ‘నలుగురూ’ తయారయ్యారు. పండితుడి ముఖం చూసి పదం మార్చుకోని కుర్రవాడు, సంఘంలో పెద్దవాడి కనుబొమ ముడిపడితే పాత్రనే మార్చుకున్న సందర్భాలు మన సాహిత్య వాతావరణంలో లేకపోలేదు. ఆ కుర్రవాడి పిరికితనం మీద వ్యాసాలు రాయడం తేలిక. అతని సంచిలోని తొలిప్రతిని అడిగి తీసుకుని, ఆ పాత్ర మొదట ఎలా ఉండేదో చదవడం విమర్శకుల పని.