ఏర్కాడు: కావేరిపట్టణం నుంచి కుటుంబ సమేతంగా శీతాకాల విహారం

దక్షిణ పినాకిని తీరాన, మామిడి తోటల నడుమ నెలకొన్న కావేరిపట్టణానికి వేసవి విశ్రాంతి కాలం కాదు. కాయ కోతలు, మండీ బేరాలు, గుజ్జు కర్మాగారాలకు లారీల రాకపోకలు ముగిసేసరికి పిల్లలకు బడులు తెరుచుకుంటాయి. అందుచేత ఇక్కడి కుటుంబాలలో పెద్దలూ పిన్నలూ కలిసి రెండు రోజులు బయటకు వెళ్లే అవకాశం ఎక్కువగా శీతాకాలంలోనే దొరుకుతుంది. అటువంటి వారికి అందుబాటు దూరంలో, సరస్సు చుట్టూ అల్లుకున్న చిన్న కొండ ఊరు ఏర్కాడు. ఊటీ, కొడైకానల్ పట్టణాలంత ప్రసిద్ధి దీనికి లేకపోయినా, దూరం, ఖర్చు, రద్దీ అనే మూడు విషయాలలోనూ మధ్యతరగతి కుటుంబానికి ఇది అనుకూలమైనది.

పేరు, స్వరూపం

సేలం జిల్లాలోని సేర్వరాయన్ కొండల మీద, సముద్రమట్టానికి సుమారు 1,515 మీటర్ల ఎత్తున ఏర్కాడు ఉన్నది. తమిళంలో 'ఏరి' అంటే చెరువు, 'కాడు' అంటే అడవి. చెరువూ అడవీ కలిసిన చోటు కనుక ఆ పేరు వచ్చిందని చెబుతారు. తెలుగువారు 'ఏరు' అన్న మాటను ప్రవహించే నీటికి వాడితే, తమిళులు 'ఏరి'ని నిలిచిన నీటికి వాడతారు. ఈ కొండలపై తరతరాలుగా నివసిస్తున్న గిరిజనులను మలయాళీలు అంటారు. కేరళ వారితో వీరికి సంబంధం లేదు. 'మలై', అనగా కొండ, అందులో నివసించేవారని ఆ మాటకు అర్థం. 1820ల కాలంలో సేలం కలెక్టరుగా పనిచేసిన కాక్‌బర్న్ ఈ కొండలకు కాఫీ సాగును తెచ్చినట్లు చరిత్ర చెబుతున్నది. నేటికీ కొండవాలులలో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్ల మొదళ్లను పెనవేసుకుని మిరియపు తీగలు కనిపిస్తాయి.

ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత ఆరేడు డిగ్రీలు తగ్గుతుందన్నది సాధారణ సూత్రం. కావేరిపట్టణం సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉన్నది కనుక, ఇక్కడ దుప్పటితో సరిపోయే రాత్రి అక్కడ కంబళి లేనిదే గడవదు. డిసెంబరు, జనవరి రాత్రులలో అక్కడి ఉష్ణోగ్రత 12, 13 డిగ్రీల దాకా దిగుతుంది.

ఎప్పుడు వెళ్లాలి?

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలం. ఈ వానలు కొండకు పచ్చదనాన్ని, జలపాతానికి నీటిని ఇస్తాయి. ఘాట్ రోడ్డుకు ప్రమాదాన్ని కూడా తెస్తాయి. 2024 డిసెంబరు మొదటి రోజులలో ఫెంజల్ తుపాను కృష్ణగిరి జిల్లాలోని ఊత్తంగరైని ముంచెత్తినప్పుడు, ఏర్కాడు కొండ దారులలోనూ మట్టిచరియలు విరిగిపడి రాకపోకలకు అంతరాయం కలిగింది. బంగాళాఖాతంలో వాయుగుండం ఉన్నదని వాతావరణ శాఖ ప్రకటించినప్పుడు, బయానా పోయినా సరే, ప్రయాణాన్ని వాయిదా వేసుకొనుటే వివేకం. డిసెంబరు చివరి వారం నుంచి ఫిబ్రవరి మధ్య వరకు ఆకాశం తేటగా, ఉదయాలు మంచుతో, మధ్యాహ్నాలు నులివెచ్చని ఎండతో ఉంటాయి.

సరిహద్దు జిల్లా కుటుంబాలకు మరొక చిక్కు ఉన్నది. అన్నగారి పిల్లలు కృష్ణగిరిలో, ఆడపడుచు పిల్లలు కుప్పంలో, తమ్ముని పిల్లలు బెంగళూరులో చదువుతుండవచ్చు. తమిళనాడు బడులకు అర్ధ సంవత్సర పరీక్షల అనంతరం డిసెంబరు చివరలో సెలవులు వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో సంక్రాంతికి దీర్ఘ సెలవులు ఉంటాయి. కర్ణాటకలో సంక్రాంతికి అంతటి విరామం ఉండదు. అందరికీ కలిసివచ్చేవి పండుగ రోజులే అయినా, పండుగనాడు ఇల్లు విడిచి వెళ్లడానికి పెద్దలు ఇష్టపడరు. కనుమ మరునాడు వెళదామనుకుంటే, అది తమిళులకు కాణుం పొంగల్. కుటుంబాలన్నీ విహారానికి బయలుదేరే ఆ రోజున సరస్సు వద్ద నిలబడడానికి చోటు దొరకదు. కనుక జనవరి చివరి శని, ఆదివారాలను ముందుగానే నిర్ణయించుకోవడం, వీలైతే శుక్రవారం గానీ సోమవారం గానీ ఒక రోజు సెలవు పెట్టడం ఉత్తమం. ఇంట్లో అయ్యప్ప దీక్షలో ఉన్నవారు ఉంటే మకరజ్యోతి తరువాతి తేదీలు చూసుకోవాలి. మామిడికి పూత వచ్చేదీ ఈ నెలలలోనే కనుక, తోటలకు మందు కొట్టించవలసిన రైతులు ఆ పనిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ప్రయాణ మార్గం

కావేరిపట్టణం నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద ధర్మపురి, తొప్పూరు, ఓమలూరు మీదుగా సేలం సుమారు 100 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఏర్కాడు సుమారు 30 కిలోమీటర్లు. హోసూరు నుంచి వచ్చేవారు దీనికి మరో 60 కిలోమీటర్లు కలుపుకోవాలి. కృష్ణగిరికి రైలు సౌకర్యం లేదు. హోసూరు, ధర్మపురి స్టేషన్ల నుంచి సేలం వరకు రైలులో వెళ్లి, అక్కడ బస్సు గానీ టాక్సీ గానీ పట్టుకోవచ్చు.

దారిలో రెండు చోట్ల అప్రమత్తత అవసరం. మొదటిది తొప్పూరు కనుమ. ధర్మపురి నుంచి సేలం వైపు వెళ్లేటప్పుడు ఇది దిగుడు. బరువుతో దిగే లారీలు బ్రేకు పట్టుతప్పి ముందు వాహనాలను ఢీకొన్న ప్రమాదాలు ఇక్కడ అనేకం జరిగాయి. లారీకి ముందు వెనుకల ఇరుక్కోకుండా, తగిన ఎడం పాటిస్తూ, గేరు తగ్గించి దిగాలి.

రెండవది ఏర్కాడు ఘాట్. సేలం నుంచి ఎక్కే ప్రధాన మార్గంలో 20 హెయిర్‌పిన్ మలుపులు ఉన్నాయి. 2024 ఏప్రిల్ 30న ఏర్కాడు నుంచి సేలం దిగుతున్న ప్రైవేటు బస్సు లోయలో పడి పలువురు మరణించిన సంగతి పాఠకులకు విదితమే. ఎక్కిన గేరులోనే దిగాలన్నది కొండ దారుల పాత నియమం. ఎప్పుడూ బ్రేకు మీదనే కాలు ఉంచితే అది వేడెక్కి పట్టు కోల్పోతుంది. ఇంధనం ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగడం ప్రాణాపాయం. ఎదురుగా ఎక్కివచ్చే వాహనానికి దారి ఇవ్వాలి. పొగమంచులో పెద్ద లైట్లు వేస్తే వెలుతురు తిరిగి కళ్లపైనే పడుతుంది కనుక, దీపాలను దించి వేసుకోవాలి. కొండ దారికి అలవాటులేని డ్రైవరు అయితే, టెంపో ట్రావెలర్‌ను సేలం వైపు డ్రైవరుతో మాట్లాడుకోవడం మేలు. కుప్పనూరు మీదుగా మరొక మార్గం ఉన్నది. ప్రధాన మార్గంలో మరమ్మతులో, అధిక రద్దీయో ఉన్నప్పుడు అది ఉపయోగపడుతుంది. చీకటి పడిన తరువాత కుటుంబంతో ఏ మార్గంలోనూ ఎక్కకపోవడమే క్షేమం.

ఊటీ, కొడైకానల్ వెళ్లే వాహనాలకు 2024 మే 7 నుంచి ఈ-పాస్ విధానం అమలులోకి వచ్చింది. అది ఆ రెండు ప్రాంతాలకు ఉద్దేశించినది.

బస

సరస్సు సమీపంలో తమిళనాడు పర్యాటక అభివృద్ధి సంస్థ వారి హోటలు ఉన్నది. ప్రైవేటు వసతి గృహాలు, కాఫీ తోటలలోని అతిథి గృహాలు కూడా పలు తరహాలలో లభిస్తాయి. తోటలోని గది నిశ్శబ్దంగా ఉంటుంది. అయితే రాత్రివేళ మందుల దుకాణానికో, భోజనానికో వాహనం తీయవలసి వస్తుంది. వృద్ధులు, పసిపిల్లలు ఉన్న కుటుంబాలు ఊరిలోనే దిగడం మంచిది. బయానా చెల్లించేముందు ఈ కింది విషయాలను అడిగి తెలుసుకోవాలి:

- వేడినీళ్లు ఏ వేళలలో ఇస్తారు?
- పెద్దలకు నేల అంతస్తులో గది దొరుకుతుందా? మరుగుదొడ్డి ఏ తరహాది?
- అదనపు పరుపుకు, కంబళికి వేరుగా రుసుము ఉన్నదా?
- తుపాను కారణంగా రాలేకపోతే బయానా తిరిగి ఇస్తారా, మరొక తేదీకి మారుస్తారా?
- వాహనం నిలిపే చోటు, డ్రైవరు పడుకునే చోటు ఉన్నాయా?

చివరి ప్రశ్నను అనేకులు మరచిపోతారు. రాత్రంతా చలిలో వాహనంలోనే ముడుచుకున్న డ్రైవరు మరునాడు 20 మలుపులు దిగవలసినవాడని గుర్తుంచుకోవాలి.

గదిలో నిప్పు వద్దు

చలి ప్రదేశాలలో ఏటా వినిపించే విషాదం ఒకటి ఉన్నది. రాత్రి వంటకో, చలి కాచుకోవడానికో వెలిగించిన బొగ్గుల కుంపటిని గదిలోకి తెచ్చుకుని, తలుపులు మూసి పడుకున్నవారు తెల్లవారేసరికి విగతజీవులై కనిపించడం. బొగ్గు మండినప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. పీల్చినవారికి మత్తు వస్తుందే గాని ఊపిరాడనట్లు తోచదు. ఎర్రదనం తగ్గిన బొగ్గులూ దానిని విడుస్తూనే ఉంటాయి. కనుక కుంపటి ఆరుబయటనే ఉండాలి, అక్కడే చల్లార్చాలి. గాలి ఆడని స్నానాల గదిలో గ్యాసు గీజరు ఉన్నా ఇదే ప్రమాదం. తలనొప్పి, వికారం ఇంటిల్లిపాదికీ ఒకేసారి కలిగితే అది అజీర్తి అనుకోక, వెంటనే బయటి గాలిలోకి రావాలి.

చూడదగిన స్థలాలు

ఊరి నడుమనున్న సరస్సు ఏర్కాడుకు ప్రాణం. ఊటీ, కొడైకానల్ సరస్సులు పందొమ్మిదవ శతాబ్దంలో కట్టించినవి కాగా, ఏర్కాడు సరస్సు సహజసిద్ధమైనదని చెబుతారు. పడవ ఎక్కేముందు పిల్లలతో సహా ప్రతి ఒక్కరూ రక్షణ కోటు ధరించాలి. ఒడ్డునే ఉన్న అన్నా పార్కు నడవలేని పెద్దలకు అనువైనది.

లేడీస్ సీట్ అనే కొండ అంచు నుంచి చూస్తే, పగలు ఘాట్ రోడ్డు మెలికలు, సాయంత్రం సేలం పట్టణ దీపాలు కనిపిస్తాయి. పగోడా పాయింట్ వద్ద గోపురాల వలె పేర్చిన రాళ్ల గుట్టలు, రామాలయం ఉన్నాయి. భారత వృక్షశాస్త్ర సర్వే సంస్థ నిర్వహించే ఆర్కిడ్ వనంలో పురుగులను పట్టే కూజా మొక్కను పిల్లలు ఆసక్తితో చూస్తారు. కిలియూర్ జలపాతం వర్షాకాలం వెంటనే నిండుగా ఉంటుంది. దిగడానికి మెట్లు నిటారుగా ఉన్నందున మోకాళ్ల నొప్పులు ఉన్నవారు పైనుంచే చూసి సంతృప్తి చెందాలి.

కొండలన్నిటికీ ఎత్తైన చోట, 1,600 మీటర్లకు పైన, సేర్వరాయస్వామి గుహాలయం ఉన్నది. స్వామితోపాటు కావేరి అమ్మవారు ఇక్కడ కొలువై ఉన్నారు. మలయాళీ గిరిజనుల ఆరాధ్య దైవమైన ఈ స్వామికి మే నెలలో జాతర జరుగుతుంది.

పెద్దలు, పిల్లలు

మలుపులలో వాంతులు కాకుండా ఉండాలంటే, కొండ ఎక్కడానికి రెండు గంటల ముందే తేలికపాటి ఫలహారం ముగించాలి. అలవాటున్నవారిని ముందు సీటులో కూర్చోబెట్టి దూరపు కొండలను చూడమనాలి, సెల్‌ఫోను చూడనివ్వరాదు. మాత్రలు వేయదలచినవారు వైద్యుని అడిగి, మలుపులకు ముందుగానే వేసుకోవాలి.

ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు ప్రయాణానికి ముందు వైద్యుని సంప్రదించాలి. మందులను పెట్టెలో అడుగున పెట్టక చేతిసంచిలో ఉంచుకోవాలి. ఒక రోజుకు అదనంగా తీసుకువెళ్లాలి. పిల్లలకు ఒక మందపాటి కోటు కన్నా, పలుచని దుస్తులు రెండు మూడు పొరలుగా వేయడం మేలు. ఎండ రాగానే ఒకటి తీసివేయవచ్చు. అత్యవసర చికిత్సకు సేలంలోని ప్రభుత్వ మోహన్ కుమారమంగళం వైద్య కళాశాల ఆసుపత్రి పెద్ద దిక్కు.

దారికి పులిహోర, చపాతీలు, నిప్పట్లు కట్టుకుపోతే ఒక పూట ఖర్చు మిగులుతుంది. అయితే వాటిని స్టీలు డబ్బాలలో పెట్టుకోవాలి. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్‌ను తమిళనాడు ప్రభుత్వం 2019 జనవరి 1 నుంచి నిషేధించింది. కోతుల ఎదుట ఆహారపు సంచి విప్పరాదు.

రెండు రోజుల క్రమం

మొదటి రోజు ఉదయం 6 గంటలకు బయలుదేరి, తొప్పూరు దాటిన తరువాత ఫలహారం చేసి, సేలంలో ఇంధనం నింపుకుంటే, 10 గంటల ప్రాంతంలో కొండ పైకి చేరవచ్చు. భోజనానికి ముందు ఆర్కిడ్ వనం, మధ్యాహ్నం పెద్దలకు విశ్రాంతి, 3 గంటలకు సరస్సు, సూర్యాస్తమయ వేళకు లేడీస్ సీట్.

రెండవ రోజు మంచు విడిచిన తరువాత సేర్వరాయస్వామి దర్శనం, కాఫీ తోటల మీదుగా సాగే 32 కిలోమీటర్ల వలయ మార్గంలో ప్రయాణం, పగోడా పాయింట్. మిరియాలు, కాఫీ పొడి కొనదలచినవారు చికోరీ ఎంత కలిపారో అడిగి కొనాలి. మధ్యాహ్నం 2 గంటలకు దిగితే వెలుతురు ఉండగానే తొప్పూరు దాటి, రాత్రి భోజనానికి ఇల్లు చేరవచ్చు.

ఒక్క రోజే వీలైతే

రాత్రి బస వీలుపడని కుటుంబాలకు ఏలగిరి ప్రత్యామ్నాయం. 2019లో ఏర్పడిన తిరుపత్తూరు జిల్లాలో, సుమారు 1,100 మీటర్ల ఎత్తున ఉన్న ఈ కొండకు కృష్ణగిరి, బర్గూరుల మీదుగా వెళ్లవచ్చు. ఇక్కడ మలుపులు 14. పుంగనూరు సరస్సులో పడవలు ఉన్నాయి. చలి తక్కువ, ఎక్కుడు తక్కువ. కాబట్టి బాగా వృద్ధులైనవారు ఉన్నప్పుడు దీనినే ఎంచుకోవచ్చు.

ఏ కొండకు వెళ్లినా, ఎన్ని స్థలాలు చూశామన్నది ముఖ్యం కాదు. ఏడాది పొడవునా తోటలోనో, దుకాణంలోనో, వేరువేరు ఊళ్లలోనో గడిపే కుటుంబం ఒకచోట కూర్చుని వేడి కాఫీ తాగడానికి తీరిక దొరకాలి. అందుకే జాబితాలో ఒకటి రెండు చోట్లు తగ్గించుకుని, సరస్సు ఒడ్డున ఒక సాయంత్రాన్ని ఖాళీగా ఉంచుకోవడం మంచి ప్రణాళిక అవుతుంది.